ఎరువుల కలయిక – అందలి వేడియు, చెమ్మయు



రామగుండమునుండి గోదావరిఖని వైపు పోవు బాటసారికి కర్మాగారముల పొగగొట్టములు దూరమునుండియే కనుపించును. అచట తయారగు యూరియా తెల్లని గుళికల రూపమున, 45 కిలోల బస్తాలలో మన గోదాములకు వచ్చుచున్నది. దానిని మనము ఒకప్పుడు పొటాషుతోను, ఒకప్పుడు సూపర్ ఫాస్ఫేటుతోను, ఒకప్పుడు పిచికారి మందునీళ్లతోను కలుపుచున్నాము. కలుపుటలో నేమున్నది, పారతో నాలుగుమార్లు తిరుగవేసిన చాలదా యని మనలో పలువురి తలంపు. మేమును ఒకప్పుడట్లే తలంచితిమి. ఆ తలంపువలన కలిగిన నష్టమును ముందుగా చెప్పి, పిమ్మట విషయములోనికి పోయెదము.

ఒక వానకాలపు పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున సభ్యులు పంటఋణముపై యూరియా, సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, పొటాషు తెచ్చుకొనిరి. పత్తికిని మక్కకును మొదటి మోతాదు వేయవలసిన దినములవి. కూలీలు దొరకుట కష్టముగా నుండెను. మూడెరువులను ముందే కలిపియుంచినచో ఒక్క పూటలో చల్లవచ్చునని సలహా యిచ్చినవారము మేమే. గోదాము నేలపై కుప్పవోయించి, తిరుగవేయించి, గోనెసంచులలో నింపించితిమి. ఆ రాత్రియే ముసురు పట్టెను. ఎనిమిది దినములు వాన తెరపి యీయలేదు.

తొమ్మిదవనాడు తలుపు తీసి చూడగా, సంచుల అడుగునుండి జిగటనీరు కారి గడపదాక పారియుండెను. పైకప్పు కారలేదు. గోడలు తడియలేదు. సంచులలోని ఎరువే చెమర్చి నీరై కారినది. ప్రక్కనే విడివిడిగా నున్న కుట్టువిప్పని బస్తాలు మాత్రము ఎప్పటివలె పొడిగా నుండెను. ఆ సంచులలో తన రెండెకరముల ఎరువు గల ఒక ముసలవ్వ మమ్ము చూచి, "అయ్యా, కలిపినది మీరే గదా. మళ్ల విడదీసి ఇయ్యరాదా?" అని యడిగెను. "అవ్వా, అది మా చేత కాదు" అంటిమి. ఆమె మరేమియు అనలేదు. ఆమె మౌనమే మమ్ము ఎక్కువగా బాధించినది. ఎరువు పోయినను అప్పు పోదు గదా!

ఎవ్వరును నీరు పోయని ఎరువు ఎట్లు నీరయ్యెను? కలిపినంత సులభముగా దానినేల విడదీయలేము? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము పదార్థముల కలయికను గూర్చిన శాస్త్రములో నున్నది.

నిప్పులేని వేడి, మంచులేని చల్లదనము

మేము మిషన్ పాఠశాలలో చదువుచున్న దినములలో సైన్సుపంతులుగారు ఒక గాజుపాత్రలో నీరు పోసి, అందు పిడికెడు సూరేకారము వేసి కలిపి, పాత్ర వెలుపలి గోడను మాచేత తాకించిరి. అది చల్లబడియుండెను. మొగలాయి పాదుషా అక్బరు కాలమున నీటిని చల్లబరచుటకు సూరేకారమును వాడుచుండిరని అబుల్ ఫజల్ తన ఆయినీ అక్బరీ గ్రంథమున వ్రాసియున్నాడు. మీరును యూరియాతో ఈ వింతను చూడవచ్చును. బకెట్టులో 10 లీటర్ల నీరు పోసి, అందు ఒక కిలో యూరియా కలుపుడు. నీరు సుమారు 5 డిగ్రీలు చల్లబడును. ఏలన, ఒక కిలో యూరియా కరగుటకు సుమారు 58 కిలోక్యాలరీల వేడి కావలయును. ఆ వేడిని యూరియా తన చుట్టునున్న నీటినుండియే లాగుకొనును.

ఇందుకు మారుగా, కాల్చిన రాతిసున్నముపై నీరు పోసినచో కుతకుత ఉడికి ఆవిరి లేచును. ఇచట సున్నమునకును నీటికిని రసాయనికమైన కూడిక జరిగి, కొత్త పదార్థ మేర్పడి వేడి వెలువడుచున్నది. వేడిని వెలువరించు కలయికలు తమంతట తాము జరుగుట సులభముగా బోధపడును. ఎత్తునుండి నీరు పల్లమునకు పారుట వంటిది. కాని వేడిని మ్రింగుచు సైతము యూరియా తనంతట తానే యేల కరగవలెను? ఎవరు దానిని బలవంతపెట్టిరి?

దీనికొక చిన్న పరీక్ష కలదు. ఒక డబ్బాలో ఒకవైపు వడ్లు, మరొకవైపు పెసలు పోసి కుదుపుడు. నాలుగు కుదుపులలో రెండును కలిసిపోవును. తరువాత వేయిమార్లు కుదిపినను వడ్లొక వైపు, పెసలొక వైపు చేరవు. కారణమేమన, ఆ గింజలు కలగలసి యుండుటకు లెక్కకు మిక్కిలి విధములు గలవు. వేరువేరుగ నుండుటకు విధములు బహుస్వల్పము. పదార్థముల యణువులును ఎడతెగక కదలుచునే యుండును గనుక, చెదరిపోవు విధములు ఎక్కువగా గల స్థితికే అవి చేరును. ఈ చెదరుపాటు కొలతకు జర్మను పండితుడు రుడాల్ఫ్ క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అని పేరిడెను. వేడియొక్క ఒడుపును, చెదరుపాటుయొక్క ఒడుపును రెండింటిని ఒకే లెక్కలో చేర్చి, ఏ కలయిక జరుగునో ఏది జరుగదో నిర్ణయించు మార్గమును అమెరికా పండితుడు విల్లర్డ్ గిబ్స్ 1876 మొదలు 1878 వరకు వెలువరించిన గ్రంథమున చూపెను. యూరియా కరగునపుడు వేడి విషయమున కలుగు నష్టముకంటె చెదరుపాటు విషయమున కలుగు లాభము ఎక్కువ. కావుననే అది చల్లబడుచు కరగును.

విడదీయుటకు వెల కట్టవలెను

మన పిల్లలలో అనేకులు బొగ్గుగనులలో పనిచేయుచున్నారు. బొగ్గుపొరలనుండి వెలువడు మీథేను వాయువు గాలికంటె తేలికయైనది గాన, గాలి కదలని చోట పైకప్పునంటి నిలుచును. గాలి నూరు పాళ్లలో ఇది 5 మొదలు 15 పాళ్లవరకు చేరినచో నిప్పురవ్వ తగిలినంతనే ప్రేలును. అందుచేతనే పెద్ద పంకాలతో గాలిని త్రోసి, దానిని పలుచన చేసి వెలుపలికి పంపుదురు. ఒకసారి గాలితో బాగుగా కలిసిన పిమ్మట అది తేలికయైనదని తిరిగి వేరై పైకి చేరదు. వడ్లు పెసల న్యాయమే ఇచటను.

కలసినదానిని విడదీయవలెనన్న వెలుపలినుండి శక్తిని వెచ్చింపవలయును. మన ఎరువు పుట్టుకలోనే దీనిని చూడవచ్చును. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు కలసియున్నవి. 1980లో ఉత్పత్తి నారంభించి 1999లో మూతబడిన రామగుండము పాత ఎరువుల కర్మాగారము బొగ్గును ముడిసరుకుగా వాడెడిది. బొగ్గును వాయువుగా మార్చుటకు వలయు ప్రాణవాయువు కొరకు అచట గాలిని మితిమీరిన చలికి గురిచేసి, ద్రవముగా మార్చి విడదీయుచుండిరి. 2021లో ఉత్పత్తి నారంభించిన కొత్త కర్మాగారము సహజవాయువును వాడుచున్నది. ఇచట గాలిలోని ప్రాణవాయువు మంటలో ఖర్చయిపోగా నత్రజని మిగులును. దానిని ఉదజనితో కూర్చి అమ్మోనియా చేసి, అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో అధికపీడనమున కూర్చగా యూరియాయు, నీరును ఏర్పడును. ఆ నీటినుండి యూరియాను వేరుచేయుటకు మరల ఆవిరిని, వేడిని ఖర్చుచేయుదురు. దినమునకు 3,850 టన్నులు, అనగా 85 వేలకు పైబడిన బస్తాలు చేయగల కర్మాగారమునకే విడదీయుట ఇంత శ్రమ. పారతో కలిపి చెడిన ఎరువును మన గోదాములో నెట్లు విడదీయగలము? ఆనాడు అవ్వకు చెప్పదగిన సమాధానమిది.

రెండు పొడులు కలిసి ఏల చెమర్చును?

ఇక మొదటి ప్రశ్నకు వచ్చెదము. గాలి ఎప్పుడును కొంత చెమ్మను మోయుచుండును. అది మోయగలిగిన చెమ్మ యంతయు 100 పాళ్లనుకొందము. ప్రతి యెరువునకు ఒక హద్దు కలదు. గాలి చెమ్మ ఆ హద్దునకు లోబడి యున్నంతవరకు ఎరువు పొడిగా నుండును. హద్దు దాటినంతనే గాలినుండి నీటిని పీల్చి చెమర్చును. 30 డిగ్రీల వేడిమివద్ద యూరియా హద్దు ఇంచుమించు 75 పాళ్లు. పొటాషు హద్దు 84. అమ్మోనియం సల్ఫేటు హద్దు 79. ఇవి విడివిడిగా నున్నప్పటి లెక్కలు.

యూరియాను పొటాషుతో కలిపినచో హద్దు సుమారు 60 పాళ్లకు పడిపోవును. అమ్మోనియం సల్ఫేటుతో కలిపినచో సుమారు 56. అమ్మోనియం నైట్రేటుతో కలిపినచో 18 పాళ్లు మాత్రమే! మన నడివేసవి గాలిలో సైతము సాధారణముగా అంతకంటె ఎక్కువ చెమ్మ యుండును. అందువలననే యూరియాను క్యాల్షియం అమ్మోనియం నైట్రేటుతో ఎన్నడును కలుపరాదందురు. ఈ గుణమునే అమెరికా దేశమువారు మేలుగా మార్చుకొనిరి. ఆ రెంటిని కావలెననియే నీటిలో కలిపి, 28 మొదలు 32 పాళ్ల నత్రజని గల ద్రవపుటెరువుగా పొలములకు వాడుచున్నారు.

హద్దు ఇట్లు పడిపోవుటకు కారణము తేటయైనదే. గుళికలపై కంటికి కానరాని పలుచని ఉప్పునీటి పొర యొకటి ఏర్పడును. ఉత్తనీటి యణువులు గాలిలోనికి సులభముగా ఎగురును. ఎరువు కరగిన నీటిలోనైతే ఎరువు అణువులు క్రిక్కిరిసి యుండుటచేత నీటి యణువులు ఎగురుట తగ్గును. ఫ్రాన్సు దేశపు పండితుడు రౌల్టు 1880ల దశకమున ఈ నియమమును కొలతలతో నిరూపించెను. ఒక ఎరువే యున్నచోట ఆ పొరలో ఒకే రకపు గుంపు. రెండెరువులున్నచోట రెండు గుంపులును ఆ పొరలోనే కరగి ఇరుకు మరింత పెంచును. సంతరోజున ఇరుకువీధిలో చిక్కినవానివలె నీరు బయటపడలేదు. వచ్చు నీరు వచ్చుచునే యుండును. పోవు నీరు తగ్గును. పొర పెరిగి బొట్టగును, బొట్టు ధారయగును. వానలు తెరపి యిచ్చి యెండ కాసినపుడు ఆ నీరు ఆరి, కరగిన ఎరువు గుళికల నడుమ గట్టిపడి, బస్తా యంతయు రాయియగును.

సింగిల్ సూపర్ ఫాస్ఫేటు విషయమున మరొక చిక్కు గలదు. దాని స్ఫటికములలో కొంత నీరు బంధింపబడియుండును. యూరియా దానితో చేరినపుడు ఆ భాస్వరపుటుప్పుతో తాను జతకూడి, లోపలి నీటిని వెలుపలికి నెట్టివేయును. గాలి పొడిగా నున్నను ఈ జంట చెమర్చుటకు కారణమిదియే. మేము ముసురుదినములలో యూరియా, సూపరు, పొటాషు మూడింటిని ఒకచోట చేర్చితిమి. బయటి చెమ్మకు తలుపు తెరిచి, లోపలి నీటికి కట్ట తెంచితిమి.

కంటికి కనబడక పోవునవి

చెమర్చిన ఎరువు కంటికి కనబడును. కనబడకయే పోవు నష్టములు మరి రెండు గలవు.

మొదటిది వాయువుగా పోవునది. అమ్మోనియం సల్ఫేటును గాని, డి.ఏ.పి.ని గాని సున్నముతోనో, కట్టెబూడిదతోనో కలిపినచో ముక్కుపుటము లదరు ఘాటువాసన వచ్చును. ఆ వాసన అమ్మోనియా; మీరు సొమ్మిచ్చి కొన్న నత్రజని గాలిలో కలిసిపోవుచున్నదని అర్థము. యూరియా పొడిగా నున్నపుడు ఇట్టి వాసన నీయకపోయినను, తడినేలపై పడిన కొలది దినములలో అమ్మోనియాగా మారును. సున్నమో బూడిదయో చల్లిన నేలపై పైపైన పడిన యూరియా మరింత వేగముగా గాలిపాలగును. కావున సున్నము, బూడిద వేయదలచినవారు ఎరువునకు కొంతకాలము ముందుగనే వేసి దున్ని, యూరియాను మట్టితో కప్పవలయును.

రెండవది మడ్డిగా పోవునది. మన వరిపొలములలో జింకులోపము సామాన్యము. జింకు సల్ఫేటును డి.ఏ.పి.తో గాని, సూపరుతో గాని కలిపి వేసినచో జింకును భాస్వరమును ఒకదానినొకటి పట్టుకొని, నీట కరగని మడ్డియగును. పైరునకు రెండును దక్కవు. రెంటికిని నడుమ కనీసము మూడు దినముల యెడముంచుట మంచిది.

చల్లార్చి కలుపవలసిన మందు

కలయిక సక్రమముగా జరిగిన మేలు చేయునని బోర్డో మిశ్రమము నేర్పుచున్నది. ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతమున ద్రాక్షతోటల తెగులునకు మిలార్డే అను పండితుడు 1885లో దీనిని ప్రకటించెను. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలో మట్టితొట్టియందో ప్లాస్టిక్ డ్రమ్మునందో కరగింపవలెను. ఇనుపపాత్ర పనికిరాదు. ఒక కిలో కాల్చిన సున్నమును వేరుగా కొద్ది కొద్ది నీటితో చల్లి విరియజేసి, 50 లీటర్లకు పెంచి వడగట్టవలెను. సున్నము విరియునపుడు పుట్టు వేడి చిన్నది కాదు. ముఖము దూరముగా నుంచవలెను, పిల్లలను దరిచేరనీయరాదు. ఆ సున్నపునీరు పూర్తిగా చల్లారిన పిమ్మటనే తుత్తపునీటిని సున్నపునీటిలోనికి సన్నని ధారగా పోయుచు కలుపవలయును. వేడిమీద కలిపినచో రేణువులు ముతకబారి ఆకున కంటుకొనవు. పోయు వరుస తారుమారైనను ముతక రేణువులే యేర్పడును. పిమ్మట మెరుగుపెట్టిన కొడవలి మొనను అందు ముంచి చూడుడు. ఎర్రని రాగిపూత కనుపించినచో ఇంకను కొంత సున్నపునీరు చేర్చవలెను. తయారైన మందును ఆనాడే వాడవలెను.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి

పై సంగతులనుండి మేము నేర్చుకొని, పొలములందు అనుసరించుచున్న కట్టుబాట్లివి:

1. ఎరువులను చల్లు ఉదయముననే కలుపుడు, సాయంకాలమునకు మిగులనీయకుడు. యూరియాయు పొటాషును, యూరియాయు సూపరును ఈ విధముగా నాటికి నాడు కలిపి చల్లవచ్చును. ముసురు పట్టిన దినమున అదియు వలదు.

2. విప్పిన బస్తా మూతి బిగించి కట్టుడు. నేలపై గాక చెక్కబల్లపై, గోడకు జానెడు దూరముగా పేర్చుడు.

3. పిచికారి మందులను కలుపదలచినచో ముందుగా ఒక గాజుసీసాలో కొద్దికొద్దిగా కలిపి అరగంట చూడుడు. సీసా వెలుపలిగోడ వేడెక్కినను, లోపల పెరుగువలె విరిగినను, అడుగున మడ్డి దిగినను, పైన నూనె తేలినను, పొంగినను ఆ జంట పనికిరాదు. వాసన చూచుటకు సీసాను ముక్కున కానించుకొనరాదు, చేతితో కలుపరాదు.

4. యూరియాను పిచికారికి కరగించినపుడు నీరు చల్లబడి కరగుట మందగించును. తొందరపడి ట్యాంకులో వేయక, వేరొక పాత్రలో పూర్తిగా కరగించి వడగట్టుడు.

5. రాయిగట్టిన యూరియా చచ్చినదని పారవేయకుడు. దానిలోని నత్రజని దానిలోనే యున్నది. పొడిచేసి వాడుకొనవచ్చును.

ఈ కడపటి మాట మాకు ఆనాటి గోదాములోనే తెలిసినది. కారిపోయినది పోగా, సంచులలో మిగిలిన ముద్దను పారవేయవలదని, డ్రమ్ములలో నీరు నింపి అందు ముద్దను కలిపి, సభ్యులతోపాటు మేమును చెంబులతో మొక్కమొక్కకు జానెడు దూరమున పోసితిమి. ఒక పూటలో ముగియవలసిన పని నాలుగు దినములు పట్టినది. కూలి మిగిల్చెదమని పోయి, నాలుగింతలు ఖర్చు చేయించితిమి. నాలుగవనాటి సాయంకాలము ముసలవ్వ చేను ముగిసినపుడు ఆమె మాకు మజ్జిగ యిచ్చి, "అయ్యా, వచ్చే యేడు కలుపేటప్పుడు నన్ను అడుగుండ్రి" అని నవ్వెను.

మరుసటి సంవత్సరము మేము నిజముగనే అడిగితిమి. ఆమె ఆకాశమువైపు చూచి, గుప్పెడు ఉప్పు చేతబట్టి చూచి, "ఇయ్యాల వద్దు" అనెను. ఉప్పు చెమర్చియుండెను. ఉప్పు హద్దును 75 పాళ్లే. అనగా యూరియా హద్దే. మేము పుస్తకములలో చదివినదానిని ఆమె ఇంటి ఉప్పుజాడీ చెప్పుచున్నది. సభ్యులారా, ఎరువు కలుపుటకు ముందు మీ ఇంటి రాతియుప్పును ఒకమారు తాకి చూడుడు. అది చేతికంటినచో ఆనాడు బస్తా మూతి విప్పకుడు.